ఎవరి బరువు? ఎవరి భారము?

పరదేశపు అడవుల నాశనమును గూర్చిన వాక్యపాఠము

పఠింపవలసిన భాగములు: ద్వితీయోపదేశకాండము 21:1–9, 1 రాజులు 21:1–19, 2 సమూయేలు 23:13–17, యెహెజ్కేలు 18:1–20, గలతీయులకు 6:1–10

ఉపోద్ఘాతము

పాపమును గూర్చి ప్రసంగము విన్నప్పుడు మనము సాధారణముగా మన చేతితో చేసినదానిని, మన నోటితో పలికినదానిని తలంచుకొందుము. అబద్ధము, దొంగతనము, కోపము మొదలగువానిలో చేసినవాడెవడో, నష్టపడినవాడెవడో తెలిసియేయుండును. అయితే మన కాలమున మరియొక విధమైన కీడు కలదు. అది వేలకొలది మైళ్ల దూరమున జరుగును. దానిలో లక్షలమంది చేతులుండును గాని ఏ ఒక్కని చేయియు కనబడదు. పరదేశములలో అడవులు నరకబడుట, కాల్చబడుట అట్టి కీడులలో నొకటి.

దీనికి బాధ్యులెవరు? అని అడిగినప్పుడు విశ్వాసులలో రెండు జవాబులు వినబడుచున్నవి. కొందరు, “ఇది ప్రభుత్వములు, పెద్ద వ్యాపారసంస్థలు చూచుకొనవలసిన పని, నేనొక్కడను ఏమి చేయగలను?” అందురు. మరికొందరు, “ఎవరికి వారు మారిన లోకము మారును, నేను ఆ వస్తువు కొనుట మానితిని, నా వంతు తీరినది” అందురు. మొదటివాడు సమూహములో దాగుకొనుచున్నాడు, రెండవవాడు తన గడపలోపల దాగుకొనుచున్నాడు. రెండు జవాబులలోను సగము సత్యమున్నది. ఆ సగమును సంపూర్ణ సత్యమనుకొనుటయే అపాయము. కనుక ఒక వాస్తవ దృష్టాంతమును ఎదుట పెట్టుకొని లేఖనములను పరిశీలింతము.

1. నూనె వచ్చిన దారి

పామాయిలు చెట్టు పుట్టినిల్లు పశ్చిమ ఆఫ్రికా. 1848 లో నాలుగు మొక్కలు జావా ద్వీపములోని బొగోరు ఉద్యానవనమున నాటబడినవి. 1911 ప్రాంతమున సుమత్రా ద్వీపమున వ్యాపారపు తోటలు ఆరంభమైనవి. నేడు లోకములో తయారగు పామాయిలులో నూటికి 80 పాళ్లకు పైగా ఇండోనేషియా, మలేషియా దేశములనుండియే వచ్చుచున్నది. ఆ నూనెను అందరికంటె ఎక్కువగా దిగుమతి చేసికొను దేశము మన భారతదేశమే. ఏటా ఇంచుమించు 80, 90 లక్షల టన్నులు మన రేవులకు చేరుచున్నవి. అందులో కొంత కాకినాడ, కృష్ణపట్నము రేవులలో దిగి, శుద్ధిచేయబడి, తెలుగువారి వంటయిండ్లకు వచ్చుచున్నది. ఒకప్పుడు రేషను దుకాణమున పామాయిలు కొన్న కుటుంబములు మన సంఘములలో అనేకములు. నేడది మిఠాయి దుకాణపు బాణలిలోను, బిస్కట్లలోను, వనస్పతిలోను, సబ్బులోను మనకు తెలియకయే కలిసియున్నది.

ఆ నూనె బయలుదేరిన చోట ఏమి జరిగినది? సుమత్రాలోను, బోర్నియో ద్వీపమున ఇండోనేషియా భాగమైన కలిమంతానులోను దట్టమైన అడవులు మొదట కలపకొరకును, తరువాత కాగితపు గుజ్జుకొరకును, పామాయిలు తోటలకొరకును నరకబడినవి. అచ్చట కొన్నిచోట్ల పీట్ అనబడు నేల కలదు. వేల సంవత్సరములుగా ఆకులు, కొమ్మలు నీటిలో నానుచు, పూర్తిగా కుళ్లక పేరుకొనగా ఏర్పడిన నల్లని నేల అది. కాలువలు త్రవ్వి నీటిని తీసివేసినయెడల ఆ నేల ఎండి, నిప్పంటుకొని, భూమిలోపల వారములకొలది కాలుచుండును. 1997–98 లోను, 2015 లోను ఇట్టి మంటలు భయంకరముగా చెలరేగెను. 2015 లో 26 లక్షల హెక్టార్లు, అనగా సుమారు 64 లక్షల ఎకరములు కాలినవనియు, ఇండోనేషియాకు కలిగిన నష్టము 1,600 కోట్ల డాలర్లనియు ప్రపంచ బ్యాంకు లెక్కకట్టెను. ఆ పొగ సముద్రము దాటి సింగపూరును, మలేషియాను కప్పివేసెను.

న్యాయముగా మాటలాడవలెనన్న మరికొన్ని సంగతులను కూడ చెప్పవలెను. ఈ నాశనమునకు పామాయిలు ఒక్కటే కారణము కాదు. తోటలన్నియు అడవి నరికి వేసినవి కావు. ఇండోనేషియాలోని పామాయిలు తోటలలో నూటికి సుమారు 40 పాళ్లు చిన్న రైతుల చేతిలోనున్నవి. ఆ తోటవలన పిల్లలను చదివించుకొనిన కుటుంబములెన్నో యున్నవి. పైగా ఒక హెక్టారు పామాయిలు తోట మూడు నాలుగు టన్నుల నూనె నిచ్చునప్పుడు, సోయా, ఆవ, ప్రొద్దుతిరుగుడు పంటలు ఒక్క టన్నుకూడ ఇయ్యవు. అందరును పామాయిలు మాని వేరొక నూనెకు మారినయెడల అంతకంటె ఎక్కువ భూమి కావలసివచ్చును. అప్పుడు గొడ్డలి మరియొక దేశపు అడవిమీద పడవచ్చును.

ఇట్లు నిప్పు పెట్టిన కూలివాడు, తోట యజమాని, అనుమతి నిచ్చిన అధికారి, అప్పిచ్చిన బ్యాంకు, ఓడ నడిపిన వర్తకుడు, నూనె శుద్ధిచేసిన కర్మాగారము, దుకాణదారుడు, కొన్న గృహిణి – వీరందరు ఒకే గొలుసులో కడియములైరి. వీరిలో అనేకులు అడవి నాశనము కావలెనని కోరలేదు. అయినను అడవి నాశనమైనది.

2. పొలములో పడియున్న శవము

ఇట్టి చిక్కు ధర్మశాస్త్రమునకు తెలియనిది కాదు. ద్వితీయోపదేశకాండము 21 వ అధ్యాయమున ఒక సందర్భము కనబడుచున్నది. పొలములో ఒకని శవము దొరికినది. చంపినవాడెవడో తెలియదు. అప్పుడేమి చేయవలెను? “నేరస్థుడు తెలియలేదు గనుక ఎవరికిని సంబంధము లేదు” అని విడిచిపెట్టుటకు వీలులేదు. “ఊరివారందరు నరహంతకులే” అని తీర్పు చెప్పుటకును వీలులేదు. పెద్దలును న్యాయాధిపతులును బయలుదేరి వచ్చి, ఆ శవమునుండి చుట్టునున్న ఊళ్లకు దూరము కొలువవలెను. దగ్గరగానున్న ఊరి పెద్దలు పనికి పెట్టబడని పెయ్యను తెచ్చి, దున్నబడని యేటి లోయలో దాని మెడ విరుగగొట్టి, యాజకుల యెదుట చేతులు కడుగుకొని, తాము ఈ రక్తము చిందింపలేదని పలికి, దేవుని క్షమాపణ వేడుకొనవలెను.

ఇచ్చట మూడు సంగతులను గమనింపుడి. మొదటిది, ఆ పెద్దలు నేరస్థులు కారు. తాము చేయలేదని దేవునియెదుట చెప్పుటకు వారికి హక్కున్నది. రెండవది, నేరము లేకున్నను వారికి బాధ్యత కలదు. ఊరు విడిచి వెళ్లవలెను, కొలువవలెను, తమ మందలోనుండి వెల చెల్లింపవలెను, ప్రార్థింపవలెను. మూడవది, ఆ బాధ్యత అందరిమీద సమానముగా పడలేదు. దగ్గరగానున్న ఊరిమీద పడినది. ఆ ఊరిలోను ప్రతి కూలివాని మీద గాక పెద్దలమీద పడినది.

చేతులు కడుగుకొనిన మరియొకడు సువార్తలో కనబడుచున్నాడు. పిలాతు నీళ్లు తెప్పించుకొనెను (మత్తయి 27:24). అయితే అతడు దూరము కొలిచినవాడు కాడు, అధికారము చేతిలోనుండి దానిని వాడనివాడు. నీళ్లు ఒకటే, చేతులు ఒకటే, భేదము మాత్రము ఎంతయో గొప్పది. కొలువకముందు చేతులు కడుగుకొనుటకు ఎవనికిని హక్కు లేదు.

మన కాలమున ఈ కొలత కొంతవరకు సాధ్యమైనది. తమ దేశమును కప్పిన పొగకు పొరుగుదేశపు మంటలలో పాలుగల సంస్థలు జవాబు చెప్పవలెనని సింగపూరు 2014 లో ఒక చట్టము చేసెను. అడవి నరికిన నేలపై పండిన సరుకు తమ దేశములలో అమ్మబడకూడదనియు, ఆ సరుకు పండిన పొలము భూమిమీద ఎచ్చటనున్నదో చూపవలెననియు ఐరోపా సమాఖ్య 2023 లో శాసించెను. దాని అమలు తేదీ ఒకసారికంటె ఎక్కువగా వాయిదాపడినది. చిన్న రైతులకు ఇది మోయలేని భారమని ఇండోనేషియా, మలేషియా ప్రభుత్వములు ఆక్షేపించుచున్నవి. ఆ ఆక్షేపణను త్రోసివేయరాదు. కొలువవలసినది పెద్దలుగాని పేదరైతు కాడు. అయినను శవమునుండి ఊరికి దారి కొలువవచ్చునను సంగతి దీనివలన రుజువైనది.

3. ద్రాక్షతోట, నీళ్ల పాత్ర

నాబోతు చరిత్ర మనకందరికి తెలిసినదే. అహాబు ఎవనిని కొట్టలేదు. ఉత్తరములు వ్రాసినది యెజెబెలు. ముద్ర మాత్రము రాజుది. సభ కూర్చినవారు ఊరి పెద్దలు, అబద్ధసాక్ష్యము పలికినవారు ఇద్దరు దుర్మార్గులు, రాళ్లు రువ్వినవారు జనులు. పని ఇంతమంది చేతులలో పంచబడినది గనుక ప్రతివాడును తనది కొంచెమేనని అనుకొనియుండును. అయితే అహాబు ఆ తోటను స్వాధీనపరచుకొనుటకు బయలుదేరినప్పుడు ఏలీయా అతని కెదురుగా వచ్చెను. ప్రవక్త దృష్టిలో ఫలము ననుభవింపబోవువాడు ఆ కార్యమునకు పరాయివాడు కాడు.

నాబోతు వాదము వెలను గూర్చినది కాదు. అది పితరుల స్వాస్థ్యము. సుమత్రాలోను కలిమంతానులోను అనేక తెగలవారు తమ పితరులనుండి వచ్చిన అడవిని గూర్చి ఇదే మాట చెప్పుచు వచ్చిరి. ఆచారసిద్ధమైన అడవులు రాజ్యపు అడవులలో చేరవని ఇండోనేషియా రాజ్యాంగ న్యాయస్థానము 2013 లో తీర్పు చెప్పెను. తీర్పు వచ్చినను, ఆ హక్కు గుర్తింపు మెల్లగనే నడచుచున్నది.

ఆ ప్రజలలో మన విశ్వాసపు సహోదరులున్నారను సంగతి మనలో కొద్దిమందికే తెలియును. ఉత్తర సుమత్రాలో బటక్ ప్రజల మధ్య 1861 లో ఆరంభమైన ప్రొటెస్టెంటు సంఘము నేడు ఆగ్నేయాసియాలోని మహాసంఘములలో నొకటి. మన ఆంధ్ర సువార్త లూథరన్ సంఘమువలెనే అదియు లూథరన్ ప్రపంచ సమాఖ్యలో సభ్యత్వము గలది. కలిమంతానులోని దయాకు తెగలలో క్రైస్తవులు అనేకులు. ఒక అవయవము శ్రమపడునప్పుడు తక్కినవన్నియు దానితోకూడ శ్రమపడునని అపొస్తలుడు బోధించినప్పుడు (1 కొరింథీయులకు 12:26), ఆ దేహమునకు దేశపు సరిహద్దులను గీయలేదు. కాబట్టి “పరదేశపు అడవి” అను మాటయే మనము జాగ్రత్తగా వాడవలసినది.

అహాబు ప్రక్కన దావీదును నిలువబెట్టి చూడుడి. అతడు బేత్లెహేము బావి నీళ్లను ఆశించెను; ముగ్గురు బలాఢ్యులు శత్రువుల దండులో చొరబడి వాటిని తెచ్చిరి. నీళ్లు నిర్మలమైనవే. అయితే దావీదు ఆ పాత్రలో వారి ప్రాణమును చూచి, త్రాగనొల్లక, యెహోవా సన్నిధిని పారబోసెను. అహాబు తోటను చూచెనుగాని నాబోతును చూడలేదు. దావీదు నీళ్లలో మనుష్యులను చూచెను. చేతికి వచ్చిన వస్తువులో దాని వెనుకనున్న ప్రాణమును చూచుటయే వ్యక్తిగత బాధ్యతకు మొదటి మెట్టు.

4. పుల్లని ద్రాక్షకాయలు

ఇంతవరకు చెప్పినదానిని ఒకడు దురుపయోగపరచవచ్చును. “అందరును దోషులే” అని పలుకుట సులభము. అందరును దోషులైనచోట ఎవడును ప్రత్యేకముగా జవాబు చెప్పనక్కరలేదు. తండ్రులు తిన్న పుల్లని ద్రాక్షకాయలవలన పిల్లల పళ్లు పులిసినవను సామెతను యెహెజ్కేలు 18 వ అధ్యాయమున దేవుడు ఖండించుట ఇందుకే. చెరలోనున్న ఇశ్రాయేలీయులు ఆ సామెతను అడ్డు పెట్టుకొని తమ మారుమనస్సును దాటవేయుచుండిరి. పాపము చేసినవాడే దానికి జవాబుదారి అని ప్రవక్త ప్రకటించెను.

కనుక పీట్ నేలను ఎండబెట్టి నిప్పు పెట్టించినవాని నేరమును కాకినాడలో నూనె కొన్న విధవరాలిమీద మోపుట వాక్యవిరుద్ధము. లంచము తీసికొని అనుమతి నిచ్చిన అధికారి యుండినయెడల, అతని లంచము అతనిదే. ఆమె తక్కువ వెలకు దొరకిన నూనెతో పిల్లలకు కూర వండినది. అందులో అత్యాశ లేదు.

అయితే అదే లేఖనమున నెహెమ్యా, దానియేలు అను నీతిమంతులు ప్రార్థించినప్పుడు “వారు పాపము చేసిరి” అనక, “మేము” అనిరి (నెహెమ్యా 1:6, దానియేలు 9:5). యెహెజ్కేలు ఒకవైపు, దానియేలు ఒకవైపు నిలిచి పరస్పరము విరోధించుచున్నారా? లేదు. ఇతరులను నేరస్థులని తీర్చునప్పుడు యెహెజ్కేలు కొలతను వాడవలెను. దేవునియెదుట మోకరించునప్పుడు దానియేలు మాటను పలుకవలెను. మనము తరచుగా దీనిని తారుమారు చేయుదుము. ఇతరులను నిందించుటకు “మీరందరు” అనియు, మనలను కాపాడుకొనుటకు “నేను కాదు” అనియు అందుము.

5. బరువు, భారము

గలతీయులకు వ్రాసిన పత్రిక 6 వ అధ్యాయమున రెండు వచనములు మొదట చూచువారికి పరస్పర విరుద్ధముగా తోచును. రెండవ వచనము ఒకరి భారములను ఒకరు మోయవలెనని చెప్పుచున్నది. అయిదవ వచనము ఎవని బరువు వాడే మోసికొనవలెనని చెప్పుచున్నది. మన తెలుగు అనువాదకులు ఒకచోట “భారము”, మరియొకచోట “బరువు” అను వేర్వేరు మాటలను ఉంచుట మంచిదాయెను. ఏలయనగా మూలభాషయైన గ్రీకులోను రెండు మాటలున్నవి. మొదటిది “బారొస్” – మనుష్యుని అణగద్రొక్కు భారము. రెండవది “ఫోర్తియోన్” – ఒకనికి లేక ఒక ఓడకు నియమింపబడిన మోత. అపొస్తలుల కార్యములు 27:10 లో ఓడ సరుకునకు ఇదే మాట వాడబడినది. కొన్నిచోట్ల ఈ మాటల అర్థములు ఒకదానిలో ఒకటి కలిసిపోవునను మాట నిజమే. అయినను ఇచ్చట అపొస్తలుని వాదము ఈ భేదముచేత తేటపడుచున్నది.

నా బరువు ఏది? నేను తెలిసికొనినది, నేను కొనునది, నా పదవివలన నా సంతకమునకు లోబడినది. దీనిని ప్రభుత్వముమీదకు గాని వ్యాపారిమీదకు గాని నెట్టలేను. మన భారమేది? ఏ ఒక్కనివలనను కదలనిది: దేశముల వర్తక ఒడంబడికలు, భూమి చట్టములు, బ్యాంకుల అప్పులు, పేదల ఆకలి. దీనిని ఒక గృహిణి భుజముమీద పెట్టుట పరిసయ్యుల పని. మత్తయి 23:4 లో ప్రభువు వారిని గద్దించినప్పుడు ఈ రెండు మాటల మూలములును కలిసి వచ్చుట గమనింపదగినది: మోతనే మోయలేని భారముగా చేసి ఇతరుల భుజములమీద పెట్టి, తాము వ్రేలితోనైనను కదలింపనివారు వారు.

బరువు మోయువాడు భారమును మరువరాదు. భారమును గూర్చి మాటలాడువాడు తన బరువును దింపరాదు. ఇదియే ఈ పాఠసారము.

6. ఆచరణకు

బాప్తిస్మమిచ్చు యోహానునొద్దకు వచ్చినవారు తామేమి చేయవలెనని అడిగినప్పుడు, అతడు అందరికి ఒకే జవాబు చెప్పలేదు (లూకా 3:10–14). రెండు అంగీలు గలవానికి ఒకటి, సుంకరికి ఒకటి, సైనికునికి ఒకటి చెప్పెను. ఎవని స్థానమును బట్టి వాని బరువు.

కుటుంబములు: నూనెను వ్యర్థపరచకుండుట, అవసరమునకు మించి వాడకుండుట ప్రతి యింటికి సాధ్యమే. పొట్లముమీది చిన్న అక్షరములు చదువుట కలిగినవారికి కష్టము కాదు.

సంస్థలు: మన వైద్యశాలలు, వసతిగృహములు, పాఠశాలలు, మహాసభలు, ప్రేమవిందులు డబ్బాలకొలది నూనె కొనుచున్నవి. అడవి నరకని తోటలనుండి వచ్చిన నూనెకు ముద్ర వేయు ఏర్పాటు 2004 లో ఆరంభమైన ఒక అంతర్జాతీయ మండలిద్వారా నడచుచున్నది. దానిలో లోపములున్నవని విమర్శకులు చూపియున్నారు, అయినను “ఈ నూనె ఎచ్చటిది?” అని కొనుగోలు సంఘము వర్తకుని అడుగుట మొదటి కొలత. ఒక గృహిణి అడిగిన వర్తకుడు నవ్వి ఊరకుండవచ్చును. వంద సంస్థలు అడిగిన జవాబు వెదకును.

పౌరులు: 2021 లో గ్లాస్గో మహాసభయందు నూరు దేశములకు పైగా 2030 నాటికి అడవుల నాశనమును ఆపుదుమని ఒప్పుకొనినవి. ఇండోనేషియా చేరినది, భారతదేశము ఆ ప్రకటనలో చేరలేదు. అదే సంవత్సరమున మన దేశములో పామాయిలు సాగును పెంచుటకు 11,040 కోట్ల రూపాయలతో జాతీయ పథకము ప్రకటింపబడెను. ఈ సాగులో ఆంధ్రప్రదేశ్ ప్రథమస్థానమున నున్నది. గోదావరి జిల్లాలలో పొలములలో వేసిన తోట వేరు. ఈశాన్య రాష్ట్రముల అడవి అంచులలో వేయు తోట వేరు. పరదేశమును నిందించుచు మన దేశమున అదే చేసినయెడల మన సాక్ష్యము నిలువదు.

సంఘములు: బటక్, దయాకు సహోదరులకొరకు మన సంఘప్రార్థనలలో ఒక్క వాక్యమైనను చేర్చుడి. ఎవరికొరకు ప్రార్థింతుమో వారిని గూర్చి తెలిసికొనక మానము.

ఈ పనులు నిష్ఫలములని నిరుత్సాహపడరాదు. ఇండోనేషియా ప్రభుత్వము 2011 లో ముఖ్యమైన అడవులలోను పీట్ నేలలలోను క్రొత్త అనుమతులను ఆపి, 2019 లో ఆ ఆజ్ఞను శాశ్వతము చేసెను. 2016 తరువాత కొన్ని సంవత్సరములు అచ్చట అడవి నష్టము తగ్గినది. అపాయము తీరలేదు, నష్టము మరల పెరుగవచ్చును. అయినను కొనువారు, ప్రభుత్వములు, అచ్చటి ప్రజలు కలిసి ఒత్తిడి చేసినప్పుడు గొడ్డలి కొంత ఆగునని తెలిసినది. మేలు చేయుటయందు విసుగక యుండవలెనను అపొస్తలుని హెచ్చరిక (గలతీయులకు 6:9) బరువును గూర్చియు భారమును గూర్చియు చెప్పిన తరువాతనే వచ్చుట యాదృచ్ఛికము కాదు.

ఆలోచింపదగిన ప్రశ్నలు

1. ద్వితీయోపదేశకాండము 21 లోని పెద్దలు చేతులు కడుగుకొనుటకును, పిలాతు చేతులు కడుగుకొనుటకును గల భేదమేమి?

2. నాబోతు మరణములో ఎందరికి పాలున్నది? ఎవరి పాలు ఎంత?

3. మీ యింట, మీ సంస్థలో, మీ సంఘములో “బరువు” అనదగినదేది? “భారము” అనదగినదేది?

4. పేదలమీద మోయలేని భారము పెట్టకుండ సంఘము ఈ సంగతిని ఎట్లు బోధింపవచ్చును?

ప్రార్థన

భూమికిని దాని సంపూర్ణతకును యజమానుడవైన తండ్రీ, మా చేతికి వచ్చు ప్రతి వస్తువులో దాని వెనుకనున్న ప్రాణములను చూచు కన్నులను మాకు దయచేయుము. కొలువకమునుపే చేతులు కడుగుకొనకుండ మమ్మును ఆపుము. మా బరువును మోయుటకు బలమును, మా సహోదరుల భారమును మోయుటకు ప్రేమను అనుగ్రహింపుము. మా యందరి పాపభారమును మోసిన క్రీస్తుయేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.